జీనతక్క రాసిన ఒక్క పేజీ

ఇంకెవరి నోటో వినేకంటే నా వెధవ పని నేనే ఒప్పేసుకుంటాను. ఆ కాగితంలో "పరిశోధన చేసినవారు" అన్నచోట నవ్యశ్రీ అనే పిల్ల పేరు తీసేసి, "డాక్టర్ విలియం హార్పర్, ఆస్ట్రేలియా" అని కొట్టింది నేనే. అలాంటి మనిషిని నేనెరగను. ఆత్మకూరులో మా జిరాక్సు షాపులో, మధ్యాహ్నం పూట గిరాకీ లేక వేళ్ళు దురద పెడుతుంటే ఆయన పుట్టాడు. పుట్టించడానికి నాకు అరనిమిషం పట్టింది. ఆయన చేసిన చెరుపు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. కాగితం నాది కాదు, జీనతక్కది. కథ కూడా ఆమెదే. కాబట్టి ఇక నేను పక్కకు తప్పుకుంటాను.

జీనత్‌ది ఉదయగిరి. తండ్రి ఖలీలుల్లా చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాడు. కూతురు ఉలి పట్టలేదు, టైపు మిషను పట్టింది. లోయరు, హయ్యరు రెండూ ఒకే ఏడాదిలో పాసై, ఇరవై మూడేళ్ళకే సర్కారు ఉద్యోగం కొట్టింది. ఇప్పుడు నలభై తొమ్మిది. ఆత్మకూరులో, చుట్టుపక్కల మండలాల పశువుల డాక్టర్లందరి మీదా పెత్తనం చేసే ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. బోర్డు మీద ఏం రాసి ఉంటుందో ఇక్కడ చెప్పను. చెబితే ఉద్యోగం లేకపోయినా నాకూ ఒక మెమో వస్తుంది.

ఆమెకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరూ అంటారు. నిజానికి ఆమెకున్నది ఒక్కటే కోపం, ఇరవై ఏళ్ళుగా అదే. కాలేజీల నుంచి పరిశోధన చేసే పిల్లలు వస్తారు. ఆఫీసులో లెక్కలు అడిగి రాసుకుంటారు. ఎండల్లో ఊళ్ళన్నీ తిరుగుతారు. రెండు మూడేళ్ళకు లావుపాటి పుస్తకం ఒకటి "కృతజ్ఞతలతో" అని పోస్టులో వస్తుంది. దాని మీద ఒక స్టాంపు పడుతుంది. ఆ తర్వాత అది నీళ్ళ కుండ మీద మూత అవుతుంది, లేదంటే కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం అవుతుంది. అదే ఆఫీసులో అదే వారం ఆఫీసర్లు తలలు పట్టుకుని కూర్చుంటారు, మర్రిపాడులో గొర్రెలు ఎందుకు చస్తున్నాయో అర్థం కావడం లేదని. నేలపాలైన అన్నం చూస్తే కొందరికి ఎట్లా ఉంటుందో, ఆ పుస్తకాలు చూస్తే జీనత్‌కు అట్లా ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఒక ఎండాకాలం ఆమె ఆఫీసులోకి వచ్చేసరికి అటెండరు పెంచలనరసయ్య కూలరు కాలి కింద కొత్త పుస్తకం ఒకటి తోస్తున్నాడు.

"ఏంది నరసయ్యా అది?"

"కూలరు ఊగతా ఉండాది మేడం. సరిగ్గా ఇంత మందమే కావాల."

"తియ్."

"తీస్తే మళ్ళా ఊగతాది మేడం."

"ఊగనీ! పడి చావనీ! ఇటుకరాళ్ళకేమన్నా కరువొచ్చిందా ఈ ఊర్లో? ఎవరో కడుపు మాడ్చుకోని రాసింది నీకు రాయి మాదిరి కనపడిందా?"

పుస్తకం తీసి, పైట చెంగుతో తుడిచి, సంచిలో వేసుకుంది. రెండు వందల పన్నెండు పేజీలు. రాసిన పిల్ల పేరు నవ్యశ్రీ. ఊరు మర్రిపాడు పక్కన పల్లె. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, పశువుల డాక్టరు చదువు చదివి, మళ్ళీ ఆ గొర్రెల వెంటే రెండేళ్ళు నడిచి రాసింది.

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సులో పోనూ రానూ ప్రయాణం. జీనత్ చదువంతా ఆ బస్సులోనే. ఒళ్ళో పుస్తకం, పుస్తకం మీద పెన్సిలు, అర్థంకాని ఇంగ్లీషు మాటకు ఫోనులో డిక్షనరీ. కండక్టరు టికెట్టు అడిగితే తల ఎత్తకుండా పాసు చూపిస్తుంది. పక్క సీటులో ఎవరైనా గట్టిగా ఫోను మాట్లాడితే మాత్రం తల ఎత్తుతుంది. ఆ మనిషి ఇక మాట్లాడడు.

రెండు నెలలు పట్టింది పూర్తి కావడానికి. అయిపోయిన రోజు ఆమె బస్సు దిగి, స్టాండులోనే కాసేపు నిలబడిపోయింది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ ఎందుకు తట్టలేదా అని.

సంగతి ఇది. వానాకాలం తర్వాత గొర్రెలకు మూతి వాచి, నాలుక నీలంగా తిరిగి, మేత ముట్టక చచ్చే రోగం ఒకటుంది. దానికి టీకా ఉంది. ఆఫీసు ఏటా జులై, ఆగస్టుల్లో వేయిస్తుంది. ఏ మండలం గొర్రెలకు ఆ మండలం కోటా. మర్రిపాడు మందులు మర్రిపాడులోనే వేయాలి. కానీ ఆ రెండు నెలలు మర్రిపాడు గొర్రెలు మర్రిపాడులో ఉండవు! మెట్టలో మేత ఉండదు కాబట్టి కాపరులు మందలు తోలుకుని అనంతసాగరం వైపు దిగుతారు. కోతలైపోయిన పొలాల్లో రాత్రిళ్ళు మంద కడతారు. రైతుకు ఎరువు, గొర్రెకు మేత. ఆగస్టు నడిమికి దుక్కులు మొదలవగానే లేచి, నేరుగా కొండలెక్కుతారు. నవ్యశ్రీ నలభై ఒక్క మందలు లెక్క పెట్టింది. టీకా క్యాంపులు జరిగిన రోజుల్లో వాటిలో ఇరవై తొమ్మిది అనంతసాగరం పొలాల్లో ఉన్నాయి. అక్కడి డాక్టర్ని అడిగితే, మీది మా మండలం కాదంటాడు. ఇక్కడి డాక్టరు టెంటు వేసుకుని కూర్చుని, కాపరులకు అవగాహన లేదు, క్యాంపుకు రావడం లేదు అని రిపోర్టు రాస్తాడు.

"అవగాహన లేదంట!" జీనత్ ఆ మాట తలుచుకున్నప్పుడల్లా పళ్ళు కొరుకుతుంది. "ఎవరికిరా లేంది?"

రెండు వందల పన్నెండు పేజీలు ఏ ఆఫీసరూ చదవడని ఆమెకు తెలుసు. పొద్దున మీటింగు, మధ్యాహ్నం వీడియో కాన్ఫరెన్సు, సాయంత్రం ఇంకెవరో అడిగిన లెక్కలు. దానికి ఆమె కోప్పడదు. అందుకే పుస్తకాన్ని ఒక్క పేజీ చేస్తుంది. ఏం తెలిసింది, మన దగ్గర ఏం మారాలి, ఎవరు చేయాలి, ఏ తేదీలోపల చేయాలి. తేట తెలుగు. ప్రతి లైను పక్కన అది పుస్తకంలో ఏ పేజీలో ఉందో నంబరు. తన సొంత అభిప్రాయం ఒక్క ముక్క ఉండదు. ఇదివరకటి ఆఫీసరు ఒకాయన అట్లా ఒక పేజీ చదివి, టీకా మందుల ఐసుపెట్టెలు మార్పించాడు. పెద్ద పెట్టె మూత మాటిమాటికీ తీస్తే మందు పాడవుతుందని అందులో ఉంది. చిన్న పెట్టెలు తెప్పించాడు, పని అయిపోయింది. పొద్దున వస్తూనే, "ఈ వారం బస్సులో ఏం చదివినారమ్మా?" అని అడిగేవాడు. ఆయనకు బదిలీ అయింది.

తర్వాత వచ్చినాయన రాజమోహన్. చెడ్డవాడని చెప్పలేం. చేతికి మట్టి అంటకుండా రిటైరు అవ్వాలని ఆశ. జీనత్ గొర్రెల పేజీ తీసుకుపోయి ముందు పెడితే చదవకుండానే అడిగాడు.

"దీని ఫైలు నంబరెంత?"

"నంబరు లేదు సార్. ఇది పరిశోధన."

"నంబరు లేని కాగితం మీద నేనేం రాసేదమ్మా? పైనుంచి అడిగినారా? లేదు. అసెంబ్లీలో ప్రశ్న వచ్చిందా? లేదు. ఆడిట్ వాళ్ళు రాసినారా? లేదు. ఎవరో పిల్ల పట్టా కోసం రాసుకున్నది పట్టుకోని మండలాల కోటాలు మార్చేస్తామా?"

"గొర్రెలు ఆడ ఉంటే మందు ఈడ పెట్టుకోని కూర్చున్నాం సార్."

"గొర్రెలకు మండలం ఉండదమ్మా, నాకు ఉండాది. ఈ ఏడు చూద్దాం."

ఆ ఏడు చూడలేదు, మరుసటి ఏడు మళ్ళీ పెట్టినా చూడలేదు. వానలు పడ్డాయి. మర్రిపాడు నుంచి ఆదెయ్య అనే కాపరి ఆఫీసుకు వచ్చాడు. అరవై దాటిన మనిషి. ముప్పై నాలుగు గొర్రెలు పోయాయి. పరిహారం దరఖాస్తు రాయించుకోవడానికి జీనత్ టేబుల్ దగ్గర నిలబడ్డాడు.

"సూది వేయించలేదా ఆదెయ్యన్నా?" తెలిసే అడిగింది.

"అనంతసాగరంలో అడిగితే మర్రిపాడుకు పొమ్మన్నారు మేడమ్మా. మర్రిపాడుకు పోయొచ్చేదానికి మందకి నాలుగు రోజులు నడక. దోవలో మేతేది? పోయొచ్చేలోపల సగం ఆకలికే పోతాయి. నేను చదువుకోలేదు, నాకు తెల్వక అడగతా ఉండా, ఆ మందు ఆడికి మోసకరాకూడదా?"

జీనత్ దరఖాస్తు కాగితం ముందుకు లాక్కుంది. దాని జవాబు తన సొరుగులోనే ఉంది, ఒక్క పేజీ. ఆ పూట ఆమె టైపు చేసిన ప్రతి కాగితం మీదా అక్షరాలు వెనకవైపుకు పొడుచుకొచ్చాయని పెంచలనరసయ్య చెబుతాడు. ఆఫీసులో ఉన్నది కంప్యూటరే అయినా ఆయన అట్లాగే చెబుతాడు.

ఈ ఏడు ఆమె జులై చివర్లో మళ్ళీ పోయింది. ఈసారి కూర్చోమనకుండానే కూర్చుంది. రాజమోహన్ తప్పించుకోలేక, "సరేనమ్మా, నీట్‌గా ప్రింటు తీయించి రేపు పెట్టండి, చూస్తా" అన్నాడు. ఆఫీసు ప్రింటరులో ఇంకు లేదు. ఎదురుగా ఉన్నది నా షాపు. జీనతక్క పక్కనే నిలబడి ప్రతి అంకె స్క్రీను మీద వేలుపెట్టి చదివింది, బాగుందంది, ప్రింటు కొట్టమంది. సరిగ్గా అప్పుడే ఆమెకు ఆదెయ్య ఫోను వచ్చింది. వినపడక రోడ్డు మీదికి పోయింది. ఆ అరనిమిషంలోనే నేను మొదట చెప్పిన ఆ పని చేశాను. ఎవరో పిల్ల రాసిందంటే చదవని సారు, దొర రాశాడంటే చదువుతాడా లేదా చూద్దామని. ఆమె వచ్చి, బస్సు టైమైందని కాగితం మడవకుండా కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పదకొండింటికి రాజమోహన్ ఆమెను పిలిపించాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏందమ్మా, ముందే చెప్పకూడదా! ఆస్ట్రేలియావాళ్ళు మన మర్రిపాడు గొర్రెల మీద పరిశోధన చేసినారంటే ఎంత పెద్ద సంగతి! చదివినాను, రెండుసార్లు చదివినాను. ఎంత క్లియర్‌గా ఉండాది! దొరలు దొరలే. జిల్లా ఆఫీసుకు ఫోను కూడా చేసి చెప్పినా. సోమవారం వీడియో కాన్ఫరెన్సులో నేనే మాట్లాడేది."

కాగితం ఆమె వైపు తిప్పాడు. మార్జిన్లో పచ్చ సిరాతో "తక్షణం అమలు" అని రాసి, కింద సంతకం.

జీనత్ ఆ రెండు మాటలు చూసింది. తర్వాత పైన ఉన్న పేరు చూసింది. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాగితం అక్కడే వదిలేసింది. బయటికి వచ్చి తన సీట్లో కూర్చుంది.

నోరు మూసుకుంటే చాలు. మూడు రోజుల్లో మందులు అనంతసాగరం పోతాయి. నిన్న ఫోనులో ఆదెయ్య చెప్పింది కూడా అదే. రైతులు దుక్కులకు ట్రాక్టర్లు మాట్లాడుకుంటున్నారు, ఇంకో వారం పదిరోజుల కంటే మందలు నిలవనీయరు అని. ఎవరి పేరైతే గొర్రెకేం? సూది పడితే చాలు కదా.

అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ మూసింది. సోమవారం కాన్ఫరెన్సులో పైనుంచి ఎవరో ఒకరు ఆ ఆస్ట్రేలియా పేపరు పంపమంటారు. లేదని తేలుతుంది. పేరే దొంగదైతే, లోపల ఇరవై తొమ్మిది మందలు అన్నది మాత్రం నిజమని ఎవరు నమ్ముతారు? ఆ తర్వాత ఆమె ఏ పేజీ తెచ్చినా ఏ ఆఫీసరూ ముట్టడు. అంతకంటే మండిన సంగతి ఇంకొకటి ఉంది. ఒక్క అక్షరం మారలేదు. అదే పేజీ, అవే అంకెలు. పిల్ల పేరుంటే రెండేళ్ళు చెత్త, దొర పేరుంటే ఒక్క పూటలో పచ్చ సంతకం! రెండేళ్ళు ముళ్ళల్లో నడిచింది ఎవరు, ఇప్పుడు ఎవరిని మెచ్చుకుంటున్నాడు ఈయన?

లేచి లోపలికి పోయింది.

"సార్, ఈ కాగితంలో ఒక అబద్ధం ఉండాది. ఈ హార్పర్ అనేవాడు లేడు. ఇది నవ్యశ్రీ రాసింది. పోయిన రెండేళ్ళూ నేను మీకు చూపించింది ఇదే."

రాజమోహన్ మొహంలో రంగు దిగిపోయింది. "జిల్లాకి ఫోను చేసి చెప్పినానమ్మా నేను! ఎవరు పెట్టినారు ఈ పేరు?"

"కాగితం నాది. నాదే బాధ్యత."

"ఎవరు పెట్టినారని అడగతా ఉండా!"

"నేను చూసుకోకుండా తెచ్చినా. అంతే రాసుకోండి సార్. కానీ పేరు తప్ప మిగతాదంతా నిజం. పచ్చ సంతకం కొట్టేయబాకండి. కావాలంటే పుస్తకం తెస్తా, మీ ముందర ఒక్కొక్క లైను…"

"ఇంకేమీ వద్దు!" సంతకం మీద అడ్డంగా రెండు గీతలు గీశాడు. "నన్ను నలుగురిలో బఫూన్ని చేసినారు. మీకు మెమో ఇస్తా ఉండా. మూడు రోజుల్లో సంజాయిషీ రాయండి."

"సార్, ఆ పిల్ల పేరుతో చదివుంటే ఎవరూ బఫూన్లు అయ్యేవాళ్ళు కాదు."

ఆ మాట అని ఉండకూడదని ఆఫీసంతా అంటుంది. ఆమె మాత్రం ఇంకా రెండు అనాల్సింది అంటుంది.

అక్కణ్ణుంచి నేరుగా మా షాపుకు వచ్చింది. గిరాకీ నలుగురున్నారు. నేను నవ్వుతూనే తల ఎత్తాను.

"నవ్వాపు. ఆ పిల్ల పేరు నీకెందుకు అడ్డమొచ్చిందిరా?"

"సార్ చదవాలని అక్కా… చదివినాడు కదా?"

"చదివినాడు. కొట్టేసినాడు. ఇంకెవుడూ చదవకుండా చేసినావు నువ్వు. తెలివిగలవాణ్ణని నీకు నువ్వే చెప్పుకుంటా ఉంటావే, ఆ తెలివి ఎవరి నెత్తిన పడతాదో ఒక్కసారన్నా చూసుకుంటివా?"

తనమీద మెమో పడిందని గానీ, నా పేరు చెప్పలేదని గానీ ఆమె అనలేదు. ఆ రెండూ నాకు తర్వాత పెంచలనరసయ్య చెప్పాడు.

మెమో కాగితం ఆమె సాయంత్రం బస్సులో విప్పి చదివింది. తిట్లు ఎట్లా రాశాడో చూద్దామని. మర్రిపాడు వైపు కొండలు కనబడే చోట ఆమె చూపు పై మూలన ఆగింది. అక్కడ ఫైలు నంబరు ఉంది. ఏడాదితో సహా, గీతతో సహా, పద్ధతిగా వేసిన నంబరు. దానికి తను రాసే జవాబుకూ అదే నంబరు పడుతుంది. సంజాయిషీ అన్నాక చింపేయడానికి వీల్లేదు, సొరుగులో పెట్టడానికి వీల్లేదు, జిల్లా ఆఫీసుకు పంపి తీరాలి, వాళ్ళు చదివి నిర్ణయం రాసి తీరాలి. రెండేళ్ళు నంబరు లేదన్నాడు కదా!

ఉదయగిరిలో దిగేసరికి ఆమె మొదటి పేరా రాసేసింది. తప్పు ఒప్పుకుంటున్నాను, పేరు అబద్ధం, అసలు పరిశోధకురాలు ఫలానా నవ్యశ్రీ. మిగతా పేజీలో ఏదైనా అబద్ధం ఉంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి. లేదని చూపడానికి ఆధారాలు జతపరుస్తున్నాను. జతపరిచింది ఏమిటంటే, ఆ ఒక్క పేజీ, దానికి పునాది అయిన పద్నాలుగు పుటల నకళ్ళు, నవ్యశ్రీ ఫోను నంబరు, ఇదివరకు రాజమోహన్‌కు చూపిన రెండు తేదీలు, ఆదెయ్య పరిహారం దరఖాస్తు నకలు. మూడు రోజులు గడువిస్తే మర్నాడు పొద్దున్నే ఇచ్చి, రసీదు తీసుకుంది.

రాజమోహన్ దాన్ని నాలుగు రోజులు టేబుల్ మీద పెట్టుకున్నాడు. పంపక తప్పదు. పంపాడు. జిల్లాలో ఎవరో ఒకాయన, జీనత్ మొహం కూడా చూడనాయన, పేరు తప్పుకు మందలింపు అని రాశాడు. అది ఆమె సర్వీసు రిజిస్టరులో ఎక్కింది, ఇక చెరగదు. అదే కాగితం మీద ఆయనే కింద ఇంకొకటి అడిగాడు. "మిగతా అంశాలు నిజమైతే ఇంతవరకు ఎందుకు అమలు కాలేదు?" నవ్యశ్రీకి ఫోను కూడా చేశాడట. ఆ పిల్ల ఏదో పాల కంపెనీలో ఉద్యోగంలో ఉంది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని మొదటిసారి ఫోను పెట్టేసిందట.

ఉత్తర్వు వచ్చింది. మంద ఏ మండలంలో నిలబడి ఉంటే ఆ మండలంలోనే సూది, కోటా చూడొద్దు అని. పచ్చ సంతకం కొట్టేసిన రోజు నుంచి లెక్కేస్తే అది పదకొండో రోజు.

జీనత్ సెలవు పెట్టి మందుల జీపులో తనూ పోయింది. కోడి కూసే వేళకు అనంతసాగరం పొలాల్లో దిగారు. సూది వేసే పని డాక్టర్లది. ఆమె చేతిలో నవ్యశ్రీ లెక్క ఉంది, ఏ మంద ఏ గట్టున ఉంటుందో. ఒక్కొక్క మందా దొరుకుతుంటే టిక్కు పెట్టింది. ఎండ ముదిరేసరికి ఇరవై టిక్కులు. ఇరవై మందల్లో ఒక్క కాపరి కూడా సూది వద్దనలేదు. ఒకాయన పరుగెత్తుకొచ్చి డాక్టరు చేతిలోంచి గొర్రె కాలు తీసుకుని తనే పట్టుకున్నాడు. అవగాహన లేదన్న మనుషులు వీళ్ళే.

మిగతా తొమ్మిది చోట్ల ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. కొత్త దుక్కి మీద కొంగలు వాలి ఉన్నాయి. ఒక గట్టు దగ్గర రైతు చెప్పాడు, "ఆదెయ్యా? మొన్ననే లేచిపాయ. సీతారామపురం కొండలకి. ఇంకో రెండు రోజులు నిలవమంటే నేనే కుదరదన్నా. నాకు తెల్వదమ్మా, సూదికోసం అని."

కొండెక్కిన మంద వెంట ఐసుపెట్టె పోదు. వానలు పడేదాకా మంద కిందికి దిగదు, దిగేసరికి సూదికి వేళ దాటిపోతుంది.

మర్నాడు పొద్దున ఆమె మా షాపుకు వచ్చింది. ఇరవై మందల లిస్టు మూడు కాపీలు కావాలంది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఉత్తర్వు సంగతి, జీపు సంగతి అప్పటికే ఊరంతా తెలుసు. నేను కాపీలు తీస్తూ, ఆమె మొహంలో కాస్త నవ్వు తెప్పిద్దామని అన్నాను.

"చూసినావా అక్కా, నా దొర లేకుంటే నీకు మెమో వచ్చేదా? మెమో రాకుంటే నంబరు పడేదా? అంతా చూస్తే నాకే నువ్వు టీ ఇప్పించాల!"

జీనతక్క కాపీలు మూడూ తీసుకుని, అంచులు సమంగా చేసుకుని, సంచిలో పెట్టుకుంది.

"సీతారామపురం బస్సు పదకొండున్నరకి ఉండాది. షాపు మూసేసి ఎక్కు. ఆదెయ్య ఆ కొండల్లో యాడున్నాడో వెతుక్కుంటా పో. ఆయన ముందర నిలబడి ఇదే మాట, ఇదే నవ్వు మొహం పెట్టుకోని, ఆయనకు చెప్పిరా."